మాల్టు డబ్బాతో ఇంటి బీరు: కాచేది ఒక పూట, కాచుకునేది నెల

అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచింది. బీరు కాయడం, అమ్మడం రెండూ నేరమే. అయితే బీరుకి ముడిసరుకైన మాల్టు పాకం మాత్రం పచారీ కొట్లలో డబ్బాల్లో దర్జాగా దొరికేది. నిషేధంతో మూతపడే స్థితికి వచ్చిన ఆన్‌హైజర్-బుష్, పాబ్స్ట్ లాంటి పెద్ద బీరు కంపెనీలే ఆ డబ్బాలు తయారుచేసేవి. రొట్టెల్లో, బిస్కెట్లలో వాడుకోవడానికని చెప్పి అమ్మేవాళ్లు. కొన్ని డబ్బాల్లో బీరుకి చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ కూడా కలిపి ఉండేవి. రొట్టెలోకి హాప్స్ చేదు ఎందుకని కొన్నవాళ్లు అడగలేదు, అమ్మినవాళ్లు చెప్పలేదు.

నిషేధం ఎత్తేశాక ఇంట్లో వైను చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంది గానీ బీరుకి ఆ వెసులుబాటు దక్కలేదు. మరో నాలుగున్నర దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఇంట్లో వాడుకోవడానికి ఏడాదికి ఒక్కరుంటే 100 గాలన్లు, ఇద్దరో అంతకుమించో పెద్దవాళ్లున్న ఇల్లయితే 200 గాలన్ల బీరు పన్ను కట్టకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాలు ఎవరికి వారు ఒప్పుకోవాల్సి ఉండటంతో చివరి రెండు రాష్ట్రాలు, అలబామా, మిసిసిపి, 2013లో గానీ దారికి రాలేదు. బ్రిటన్ ఈ పని 1963లోనే చేసేసింది.

మన దగ్గర సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1968 నాటి ఎక్సైజ్ చట్టమే ఆధారం. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేస్తే, అమ్మినా అమ్మకపోయినా, నేరమే. కాబట్టి ఇక్కడ రాస్తున్న పద్ధతి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, 21 ఏళ్లు నిండి, అక్కడి చట్టం ఒప్పుకునేవాళ్లు చేసుకోవడానికి. హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్లు చదివి తెలుసుకోవడానికి.

ఇంట్లో రాగిమాల్టు చేసుకునేవాళ్లకి మాల్టు అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలక కనబడగానే ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తారు. మొలకెత్తే గింజ తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని కరిగించుకోవడానికి ఎంజైములు పుట్టిస్తుంది. బార్లీతో అదే పని టన్నుల లెక్కన చేస్తే బీరు మాల్టు. దాన్ని మరపట్టి, 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో ఓ గంట ఉంచితే ఆ ఎంజైములు పిండిని చక్కెరలుగా విడగొడతాయి. వడకట్టగా వచ్చిన తియ్యటి నీళ్లని ఈ పనివాళ్లు వర్ట్ అంటారు. ఫ్యాక్టరీలో ఆ వర్ట్‌ని తక్కువ పీడనంలో, తక్కువ వేడి మీద ఇగరబెట్టి చిక్కటి పాకం చేస్తే అదే మాల్టు ఎక్స్‌ట్రాక్ట్. ఇంకా ఎండబెట్టి పొడి కూడా చేస్తారు. హార్లిక్స్‌లో పడేదీ మాల్టు చేసిన బార్లీయే కాబట్టి, డబ్బా మూత తీయగానే వచ్చే వాసన మనవాళ్లకి చిన్నప్పటి నుంచీ తెలిసినదే.

అంటే డబ్బా కొన్నారంటే గింజని మొలకెత్తించే పనీ, పిండిని చక్కెర చేసే పనీ వేరేవాళ్లు చేసిపెట్టారన్నమాట. గింజతో మొదలుపెట్టి అన్నీ సొంతంగా చేసుకునేవాళ్లు కొందరు ఎక్స్‌ట్రాక్ట్ అనగానే మూతి విరుస్తారు. ఆ మాటలు పట్టించుకోనక్కర్లేదు. ఎంజైముల పని ఫ్యాక్టరీలో జరిగినా ఇంట్లో జరిగినా చివరికి వచ్చేది చక్కెర నీళ్లే. ఆ తర్వాత దాన్ని బీరు చేసేది ఈస్టు. మొదటిసారి చేసేవాళ్ల దృష్టంతా పొయ్యి మీద ఉంటుంది. ఏ హాప్స్ ఎన్ని నిమిషాలకి వేయాలి, ఎంతసేపు మరగాలి అని తెగ చదువుతారు. బీరు బాగుపడేదీ చెడిపోయేదీ మాత్రం పొయ్యి ఆర్పేశాకే.

ఎక్స్‌ట్రాక్ట్‌కి చెడ్డపేరు ఎందుకు వచ్చిందంటే పాత సరుకు వల్ల. డబ్బాలో ఉన్న పాకం ఊరికే ఉండదు. నెలలు గడిచేకొద్దీ అందులోని చక్కెరలు, ప్రొటీన్లు ఒకదానితో ఒకటి కలిసి రంగు ముదురుతుంది, రుచిలో ఒక మాగుడుతనం వస్తుంది. కొట్టులో అడుగున దుమ్ము పట్టి ఉన్న డబ్బా ఎంత చౌకైనా వద్దు. తేదీ చూడండి. సరుకు తొందరగా అమ్ముడుపోయే కొట్టు అయితే పాకం కొనవచ్చు. అనుమానం ఉంటే పొడి కొనండి, అది ఎక్కువకాలం నిలవుంటుంది. పాకంలో సుమారు ఐదోవంతు నీళ్లే కాబట్టి 3 కిలోల పాకానికి బదులు రెండున్నర కిలోల పొడి సరిపోతుంది. ఒక్క చిక్కు ఉంది. మరుగుతున్న గిన్నె మీద పొడి సంచి వంచితే ఆవిరికి పొడి అట్టకట్టి సంచి మూతికే అతుక్కుంటుంది.

ఇంకో రకం డబ్బాలున్నాయి. హాప్స్ ముందే కలిపి, మూత కింద ఒక చిన్న ఈస్టు పొట్లం పెట్టి, కిలో పంచదార కలుపుకోండని చీటీ అంటించి అమ్ముతారు. చీటీ చెప్పినట్టు చేస్తే పలుచటి, నీళ్లనీళ్లగా ఉండే బీరు వస్తుంది. పంచదార పూర్తిగా పులిసిపోతుంది, నోటికి నిండుదనం మిగల్చదు. అదే డబ్బా కొన్నా సరే, పంచదార బదులు కిలో మాల్టు పొడి వేయండి. మూత కింద పొట్లం ఎన్నాళ్లు ఎండలో ప్రయాణం చేసిందో ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని పక్కన పడేసి, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే మంచి ఈస్టు ప్యాకెట్ ఒకటి కొనండి. ఈ రెండు మార్పులతోనే బీరు వేరే బీరవుతుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. కనీసం 20 లీటర్లు పట్టే స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె, మూత ఉన్న 25 లీటర్ల ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్, గాలి బయటికి వెళ్లనిచ్చి లోపలికి రానివ్వని చిన్న ఎయిర్‌లాక్, థర్మామీటర్, హైడ్రోమీటర్, సైఫన్ గొట్టం, సీసాల్లో పట్టడానికి కొళాయి ఉన్న రెండో బకెట్, మూతలు బిగించే చేతి యంత్రం. చూడ్డానికి అందంగా ఉంటుందని చాలామంది పెద్ద గాజు జాడీ కొంటారు. తడిచేతుల్లోంచి 20 లీటర్ల గాజు జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, బకెట్టే మేలు. అయితే ఇంట్లో ఉన్న బకెట్ వద్దు. ఆవకాయ కలిపిన ప్లాస్టిక్ ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన వదలదు, అది నేరుగా బీరులోకి దిగుతుంది.

ఇక శుభ్రం సంగతి. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మొదటిసారి చేసేవాళ్లు రెండు వేర్వేరు పనుల్ని ఒకటే అనుకుంటారు. కడగడం వేరు, క్రిములు లేకుండా చేయడం వేరు. కంటికి కనబడే మురికి, జిడ్డు, ఎండిన నురగ పోవడం కడగడం. అది పోయాక కంటికి కనబడని బ్యాక్టీరియాని, అడవి ఈస్టుని అణచడం శానిటైజ్ చేయడం. మురికి మీద శానిటైజర్ పోస్తే ఆ మురికి కింద దాక్కున్న క్రిమికి ఏమీ కాదు. ముందు వేడినీళ్లు, వాసన లేని క్లీనర్, మెత్తటి గుడ్డ. గిన్నెలు తోమే పీచు ప్లాస్టిక్ బకెట్ దగ్గరికి రానివ్వద్దు. అది గీసిన గీతల్లో చేరిన క్రిములు ఇక ఏ మందుకీ అందవు. తర్వాత స్టార్ శాన్ లాంటి శానిటైజర్. 19 లీటర్ల నీళ్లకి సుమారు 30 మిల్లీలీటర్లు కలిపి, ప్రతి వస్తువూ రెండు నిమిషాలు తడిసి ఉండేట్టు చూడాలి. అది ఆమ్ల ద్రావణం, విపరీతంగా నురగ వస్తుంది. ఆ నురగ చూసి భయపడి మళ్లీ కొళాయి నీళ్లతో కడిగేస్తే చేసిన పని అంతా పోయినట్టే. చెప్పిన మోతాదులో కలిపితే దాన్ని కడగనక్కర్లేదు, ఆ కాస్త నురగ బీరుని ఏమీ చేయదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, చల్లారిన వర్ట్ గోరువెచ్చటి చక్కెర నీళ్లు. మన ఈస్టుకి ఎంత ఇష్టమో, పులుపు పుట్టించే బ్యాక్టీరియాకీ అంతే ఇష్టం. పొద్దున చెట్టు మీంచి దించిన కల్లు సాయంత్రానికి పుల్లబడేది వాటివల్లే. కల్లులో ఆ పులుపూ రుచిలో భాగమే, బీరులో కాదు. అలాగని ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నట్టు వణకనక్కర్లేదు. మరిగేటప్పుడు వర్ట్‌లో పడేవాటిని మరుగే చూసుకుంటుంది. పొయ్యి ఆర్పాక దాన్ని తాకే ప్రతి వస్తువూ, గరిటె, థర్మామీటర్, ఈస్టు ప్యాకెట్ కత్తిరించే కత్తెర సహా, శానిటైజర్‌లో మునిగి రావాలి. జాగ్రత్త మొదలయ్యేది అక్కడ.

మొదటి బీరుగా అమెరికన్ పేల్ ఏల్ అనే రకం ఎంచుకోండి. రుచి బలంగా ఉంటుంది కాబట్టి చిన్న పొరపాట్లు కప్పబడిపోతాయి, పైగా మరీ చల్లటి గది అక్కర్లేదు. 19 లీటర్లకి, అంటే 5 గాలన్లకి లెక్క ఇదీ. లేతరంగు మాల్టు పాకం 1.5 కిలోల డబ్బాలు రెండు, అరకిలో కంటే కాస్త తక్కువగా క్రిస్టల్ 40 అనే వేయించిన మాల్టు (కొట్టులోనే బరకగా మరపట్టించుకోవాలి), కాస్కేడ్ హాప్స్ 28 గ్రాముల పొట్లాలు మూడు, ఏల్ ఈస్టు 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి. కాస్కేడ్ అమెరికాలో 1972లో విడుదలైన రకం. అమెరికన్ క్రాఫ్ట్ బీరుకి ఆ నారింజ, పంపరపనస తొక్క వాసన అలవాటు చేసింది ప్రధానంగా అదే.

గిన్నెలో పది, పదకొండు లీటర్ల నీళ్లు పెట్టండి. కొళాయి నీళ్లలో క్లోరిన్ వాసన ఉంటే ముందే జాగ్రత్త పడాలి. క్లోరిన్ మరిగితే పోతుంది, కానీ చాలా ఊళ్లలో కలిపే క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు. ఈస్టు చేసే పదార్థాలతో అది కలిస్తే బీరుకి ఆసుపత్రి వాసన వస్తుంది, ఎన్నాళ్లున్నా పోదు. క్లోరమైన్‌ని పోగొట్టే క్యాంప్‌డెన్ మాత్ర పావు ముక్క 19 లీటర్లకి సరిపోతుంది. పైన కలిపే నీళ్లతో సహా అన్నిటికీ వేయాలి. అదీ వద్దనుకుంటే ఆర్‌ఓ నీళ్లు వాడండి. గింజతో చేసేటప్పుడు నీళ్లలో ఖనిజాలు లేకపోతే ఇబ్బంది గానీ, ఎక్స్‌ట్రాక్ట్‌లో ఫ్యాక్టరీ నీళ్ల ఖనిజాలు ముందే ఉంటాయి.

నీళ్లు 65 నుంచి 70 డిగ్రీలకి వచ్చాక వేయించిన మాల్టుని పలుచటి గుడ్డసంచిలో కట్టి అరగంట నాననివ్వండి. సంచి పైకెత్తి నీళ్లు కారనివ్వాలి, పిండేయకూడదు. ఆ నీళ్లు మరిగాక పొయ్యి ఆర్పేయండి. అవును, ఆర్పేసి మరీ పాకం పోయాలి. మంట మీద పోస్తే పాకం నేరుగా అడుగుకి దిగి అక్కడే మాడుతుంది. ఆ మాడు రుచి ఇక వదలదు. డబ్బాని ముందుగా పావుగంట వేడినీళ్లలో నిలబెడితే, గరిటెతో గీకినా రాని పాకం జారుగా దిగుతుంది. మొదట ఒక డబ్బానే పోయండి. గరిటె అడుగున గుండ్రంగా తిప్పి చూడండి. చేతికి బరువుగా తగిలినంతసేపూ అడుగున పాకం ఉన్నట్టే. అది తగలడం మానేశాక మళ్లీ మంట పెట్టండి.

ఇప్పుడు గిన్నె దగ్గర్నుంచి కదలకూడదు. మరుగు పట్టే ముందు పైన గోధుమరంగు తెట్టు కడుతుంది. అంతవరకూ బుద్ధిగా ఉన్న ఆ తెట్టు ఉన్నట్టుండి ఉబ్బి అంచుదాకా వస్తుంది. మంట తగ్గించండి, గరిటె తిప్పండి, పైన కాసిన్ని చల్లటి నీళ్లు చిలకరించండి. పొంగి స్టవ్ మీద పడితే ఆ చక్కెర బొగ్గులా మాడిపోతుంది, దాన్ని గీకడానికి ఇంకో పూట పడుతుంది. అలా ఒకటి రెండుసార్లు పొంగాక ప్రొటీన్లు ముక్కలుముక్కలుగా విరిగి కిందికి దిగుతాయి. ఆ తర్వాత గిన్నె నెమ్మదిస్తుంది.

నెమ్మదించగానే మొదటి హాప్స్ పొట్లం వేసి 60 నిమిషాలు లెక్కపెట్టండి. హాప్స్‌లో ఉండే ఆల్ఫా ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు. గంటసేపు మరిగితే రూపం మార్చుకుని కరిగి చేదునిస్తాయి. సువాసననిచ్చే నూనెలు మాత్రం అదే మరుగులో ఆవిరైపోతాయి. అందుకే ముందు వేసింది చేదుకి, చివర వేసింది వాసనకి. ఇంకా 15 నిమిషాలు ఉందనగా రెండో పొట్లం, 5 నిమిషాలు ఉందనగా మూడోది. రెండో పొట్లం వేసే సమయానికే మళ్లీ మంట ఆపి రెండో డబ్బా పాకం కలపండి. మొత్తం పాకం గంటసేపు మరిగిస్తే రంగు ముదురుతుంది, చిక్కటి ద్రవంలో హాప్స్ చేదు కూడా సరిగా దిగదు. సగం పాకం చివర్లో వేయడం అనే ఈ చిన్న కిటుకు వల్లే ఎక్స్‌ట్రాక్ట్ బీరు లేతరంగులో ఉంటుంది.

గంట అయ్యాక గిన్నెకి మూతపెట్టి, ఐసు వేసిన సింకులోనో టబ్బులోనో కూర్చోబెట్టండి. అరగంట, ముప్పావుగంటలో చేయి పెట్టగలిగే వేడికి దిగుతుంది. తొందరపడి ఫ్రీజర్‌లోని ఐసుముక్కలు నేరుగా వర్ట్‌లో వేయకండి, ఫ్రీజర్ చల్లగా ఉంటుందే తప్ప శుభ్రంగా ఉండదు. బకెట్‌లోకి ఎత్తు నుంచి పోసి, ముందే కాచి చల్లార్చిన నీళ్లతో 19 లీటర్ల గీత దాకా నింపండి.

ఇక్కడ హైడ్రోమీటర్ వేసి చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. ఈ పరికరం ద్రవంలో చక్కెర ఎంత చిక్కగా ఉందో చెబుతుంది. మామూలు నీళ్లకి 1.000. మన రెసిపీకి 1.050 దగ్గర రావాలి. మీకు 1.036 అనో 1.060 అనో చూపిస్తే డబ్బాలు మోసం చేశాయని అనుకోవద్దు. చిక్కటి వర్ట్ అడుగున, పోసిన నీళ్లు పైన ఉండిపోయాయంతే. ఎంత కలిపినా పూర్తిగా కలవడం కష్టం. ఎక్స్‌ట్రాక్ట్‌లో చక్కెర ఎంతో ముందే తెలుసు, నీళ్లు ఎన్నో తెలుసు. లెక్క తప్పే అవకాశం లేదు కాబట్టి 1.050 అనే రాసుకోండి. 'చిక్కదనం చాల్లేదు' అని కంగారుగా పంచదార పోసి మంచి బీరుని పాడుచేసుకోవద్దు.

ఈస్టు వేయడం ఒక నిమిషం పని. ప్యాకెట్ కత్తిరించి పైన చల్లి మూతపెట్టేయడమే. కానీ వర్ట్ 20 డిగ్రీలకి దిగేదాకా ఆగాలి. ఆ చిన్న ప్యాకెట్ వెనక పెద్ద చరిత్రే ఉంది. బీరు చెడిపోవడానికి కారణం సూక్ష్మజీవులని లూయీ పాశ్చర్ 1876లో పుస్తకమే రాశాడు. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్టుని పెంచి చూపించాడు. ప్రతిసారీ ఒకే రుచి రావడం అన్నది అక్కణ్నుంచి మొదలైంది.

ఇక ఉష్ణోగ్రత. దీనిమీద పెట్టే శ్రద్ధ కొత్త గిన్నెల మీద పెట్టే డబ్బు కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. ఈ ఏల్ ఈస్టుకి 18 నుంచి 20 డిగ్రీలు (64 నుంచి 68 ఫారెన్‌హీట్) బాగుంటుంది. గది కాదు, బకెట్ లోపలి ద్రవం అంత ఉండాలి. పులిసేటప్పుడు ఈస్టు తనంతట తాను వేడి పుట్టిస్తుంది, లోపల గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువుంటుంది. టెక్సస్ ఎండల్లో కరెంటు బిల్లుకి భయపడి ఏసీ 77 ఫారెన్‌హీట్‌లో పెట్టుకునే ఇళ్లే ఎక్కువ. అది 25 సెల్సియస్. బకెట్ లోపల 28, 29. ఆ వేడికి ఈస్టు గబగబా పని ముగిస్తుంది గానీ ఘాటైన ఆల్కహాల్స్ కూడా పుట్టిస్తుంది. పెయింట్ థిన్నర్ గుర్తొచ్చే వాసన వస్తుంది. 'ఇంటి బీరు ఇంతే' అని చాలామంది మొదటిసారితోనే మానేసేది ఇక్కడే. గరాజ్‌లో పెట్టడం ఇంకా అన్యాయం, వేసవిలో అది పొయ్యే.

దీనికి ఖరీదైన ఫ్రిజ్ ఏమీ కొనక్కర్లేదు. పెద్ద టబ్బులో సగందాకా నీళ్లు పోసి బకెట్‌ని అందులో నిలబెట్టండి. నీళ్ల సీసాలు నాలుగైదు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, పొద్దున రెండు, రాత్రి రెండు మార్చి వేస్తూ ఉండండి. బకెట్‌కి పాత టీషర్టు తొడిగి దాని కొంగు నీళ్లలో ఉంచితే తడి పైకి పాకి ఇంకాస్త చల్లబరుస్తుంది. బకెట్‌కి బయట అంటించే పట్టీ థర్మామీటర్ చాలు. మొదటి మూడు నాలుగు రోజులు ఈ కాపలా ముఖ్యం, రుచి మంచి చెడ్డలు చాలావరకు అప్పుడే తేలిపోతాయి. ఆ తర్వాత 21 దాకా పెరిగినా మంచిదే, మిగిలిన పని ఈస్టు శుభ్రంగా ముగిస్తుంది.

ఈస్టు వేసిన 12 నుంచి 24 గంటల్లో పైన నురగ లేస్తుంది, ఎయిర్‌లాక్ బుడబుడమంటుంది. ఒక్కోసారి చప్పుడే ఉండదు. మూత సందులోంచి గాలి పోతోందన్నమాట, బీరు పాడైందని కాదు. అలాగే చప్పుడు ఆగిందంటే పులియడం అయిపోయిందనీ కాదు. నురగ మీద గోధుమరంగు మడ్డి, బకెట్ గోడలకి చేదు పొర, గంధకం వాసన, ఇవన్నీ మామూలే. మూత తీసి తొంగిచూడటం మానేసి రెండు వారాలు దాని మానాన దాన్ని వదిలేయండి. ఈ వదిలేయడం అందరికంటే మనవాళ్లకి కష్టం, వంటింట్లో మూత తీసి చూడకుండా ఏ పనీ చేయలేం.

రెండు వారాలకి హైడ్రోమీటర్‌తో కొలవండి. మళ్లీ రెండు రోజులకి కొలవండి. రెండుసార్లూ ఒకే అంకె వస్తే పని అయిపోయినట్టు. మన బీరుకి 1.012 దగ్గర ఆగాలి. ఎక్స్‌ట్రాక్ట్‌తో 1.015 దగ్గర ఆగడం కూడా మామూలే. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131.25తో హెచ్చిస్తే ఆల్కహాల్ శాతం. 1.050 నుంచి 1.012 తీస్తే 0.038, అంటే దాదాపు 5 శాతం.

సీసాల్లో పట్టే రోజు పొరపాటు చేస్తే ఒళ్లు గాయపడే ప్రమాదం ఉంది, కాబట్టి లెక్క తప్పకండి. సీసాలోని బీరుకి గ్యాసు ఎక్కేది మిగిలి ఉన్న ఈస్టు కాస్త చక్కెర తిని కార్బన్ డయాక్సైడ్ వదలడం వల్ల. 19 లీటర్లకి సుమారు 115 గ్రాముల మొక్కజొన్న చక్కెర. కప్పులతో కాదు, త్రాసుతో తూచి, రెండు కప్పుల నీళ్లలో మరిగించి, చల్లార్చి రెండో బకెట్ అడుగున పోయండి. దాని మీదికి బీరుని సైఫన్‌తో చప్పుడు లేకుండా దింపండి. ఈస్టు వేసే ముందు ఎత్తు నుంచి పోసినా తప్పులేదు గానీ ఇప్పుడు గాలి తగిలితే కొన్ని వారాల్లో తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. చక్కెర ఎక్కువైనా, పులియడం పూర్తికాకముందే సీసాకెత్తినా లోపలి ఒత్తిడికి సీసా పేలుతుంది. గాజుపెంకులు గదంతా చిమ్ముతాయి. అందుకే ఆ రెండుసార్ల కొలత.

సీసాలు గోధుమరంగువే వాడండి. వెలుతురు తగిలితే హాప్స్ చేదునిచ్చే పదార్థం విడిపోయి, గంధకం చేరిన ఒక దుర్వాసన పుడుతుంది. పచ్చ, తెల్ల సీసాలు దాన్ని ఆపలేవు. మరమూత ఉన్న సీసాలు పనికిరావు, మూత బిగుతుగా కూర్చోదు. 355 మిల్లీలీటర్ల సీసాలు మడ్డి పోను 48 దాకా నిండుతాయి. మూతలు బిగించి, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, చీకట్లో, 21 డిగ్రీల దగ్గర రెండు వారాలు పెట్టండి. తర్వాత ఫ్రిజ్‌లో రెండు రోజులు. గ్లాసులోకి వంచేటప్పుడు అడుగున తెల్లటి పొరని సీసాలోనే వదిలేయండి. అది ఈస్టే, తాగినా ప్రమాదం లేదు, కడుపు మాత్రం కాస్త గొణుగుతుంది.

తెలుగు ఇళ్లలో ఈ మాట ఎత్తగానే మొదట వచ్చే ప్రశ్న కల్తీ సారా గురించి. ఇంట్లో చేసింది తాగితే కళ్లు పోవా అని. పోవు. వార్తల్లో చదివే ఆ చావులు పారిశ్రామిక మిథనాల్ కలిపిన సారా వల్ల. బార్లీ మాల్టు పులిస్తే ప్రమాదం చేసేంత మిథనాల్ పుట్టదు, బట్టీ పెట్టి కాచి ఆవిరిని పట్టే పని ఇందులో లేనే లేదు. 1978 చట్టం బీరుకి ఒప్పుకుంది గానీ సారా కాయడానికి కాదు. అందులోకి దిగకండి. హాప్స్, ఆల్కహాల్, పులుపు మూడూ ఉన్నచోట మనిషికి జబ్బు చేసే బ్యాక్టీరియా సాధారణంగా బతకదు. చెడిపోయిన బీరు నోటికి బాగుండదు, అంతే. బూజు కనబడితే పారబోయండి. నిజంగా భయపడాల్సినవి రెండు: పేలే సీసా, పది లీటర్ల మరుగుతున్న పాకం. ఆ పూట పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి.

మొదటి సీసా తెరిచాక పచ్చి యాపిల్ వాసన వస్తే తొందరపడ్డారని, వెన్న వాసన వస్తే ఈస్టుని పని ముగించనివ్వలేదని, ఘాటుగా ఉంటే వేడెక్కిందని, ఆసుపత్రి వాసనయితే నీళ్లదని గుర్తుపట్టవచ్చు. రెండోసారికి మామిడిపండు గుజ్జు, ఏలకులు, కాఫీపొడి అంటూ ప్రయోగాలకి దిగకండి. అదే డబ్బా, అవే హాప్స్, అదే ఈస్టుతో మళ్లీ చేయండి. ఒక్క ఉష్ణోగ్రత మాత్రం మొదటిసారి కంటే రెండు డిగ్రీలు తగ్గించి చూడండి.